ఏడుపుగొట్టు డబ్బా

అయోలా, కాన్సస్
సెప్టెంబరు మొదట్లో

ఒరేయ్ రాయిస్,

ఫోను మొహం మీద పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. కాగితాన్ని మాట మధ్యలో ఆపలేవు కదా, అందుకని రాస్తున్నాను. చించి పారేస్తే ఇంకోటి రాస్తాను. నా దగ్గర స్టాంపులు బోలెడున్నాయి.

సిగ్గుందట్రా నీకు? పైప్‌లైన్ పనుల వెంట ఊరూరా ఈడ్చుకు తిరిగి, ట్రక్కు వెనక లాక్కెళ్ళే కొత్త ట్రైలర్ ఇల్లు కొనుక్కున్నాక పాతది తెచ్చి నా పెరట్లో పడేశావు. "ఇది మేనకోడలికి నా పెళ్ళి కానుక" అని కార్లిస్ చేతిలో తాళాలు పెట్టి ఫొటో కూడా దిగావు. అల్లుడు టీగ్‌కి నీ దగ్గరే వెల్డర్ హెల్పరు పని ఇప్పించావు, సంతోషం. వాళ్ళిద్దరూ నెలల పిల్లని వేసుకుని వయోమింగ్ చలికాలమంతా ఆ డబ్బాలోనే కాపురం చెయ్యాలి. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసే ఇచ్చావు.

నేను పాతికేళ్ళ పైన స్కూలు బస్సు నడిపినదాన్ని. రోజూ పొద్దున్నే బస్సు చుట్టూ తిరిగి, టైర్లు తట్టి, బ్రేకులు చూసుకుని గాని పిల్లల్ని ఎక్కించుకోలేదు. నా మనవరాలు ఎక్కే బండిని చూడకుండా ఊరుకుంటాననుకున్నావా?

"టైర్లు నాలుగూ కొత్తవేశాను అక్కా, తళతళలాడుతున్నాయి" అన్నావు. పైకి తళతళే. కానీ తయారైన తేదీ ఎక్కడా కనపడలేదు. ఈ వయసులో నేలమీద వెల్లకిలా పడుకుని, టార్చి పట్టుకుని ట్రైలర్ కిందకి దూరాను. తేదీ ఉన్నవైపు లోపలికి తిప్పి బిగించాడెవడో మహానుభావుడు. కార్లిస్ ఏడో క్లాసు చదివేనాటి టైర్లురా అవి! ట్రైలర్ టైరు అరిగి చావదు, ఎండలో నిలబడి నిలబడి లోపల్లోపల పగిలి చస్తుంది. నున్నగా ఉంది కదా అని హైవే ఎక్కితే ఏ ట్రక్కు పక్కనో పేలుతుంది.

చక్రాలు ఊడదీయించాను. బేరింగుల్లో గ్రీజు ఎండిపోయి తారులా ఉంది. ఎడంవైపు బ్రేకుకి వైరే తెగిపోయింది. తలుపు పక్కన కాలు పెడితే నేల తడిసిన రొట్టెలా దిగబడింది. కప్పు మీద అతుకుల జిగురు పగిలిపోయి, ఎన్ని వానల నీళ్ళు గోడల్లోంచి దిగాయో దేవుడికే తెలియాలి. ఒక్కసారైనా నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కావురా నువ్వు?

కార్లిస్‌కి చెబితే "మామయ్య అన్నేళ్ళు అందులోనే ఉన్నాడు కదమ్మా, ఆయనకేమైంది?" అంటోంది. నువ్వు దేవుడివి, నేను దెయ్యాన్ని. అదీ నా ఇంట్లో నా పరిస్థితి.

ఇంకా ఏమేం పాడయ్యాయో దాచకుండా రాయి. నాకు మండకముందే రాయి.

మీ అక్క
ఆర్డిస్


బిగ్ పైనీ, వయోమింగ్
సెప్టెంబరు

బస్సు మహారాణి గారి దివ్యసముఖానికి,

మీ తమ్ముడు రాయిస్ దండాలు పెట్టి రాయునది. ఉత్తరం అందింది. చించలేదు. మా వెల్డర్లందరికీ గట్టిగా చదివి వినిపించాను. టార్చి పట్టుకుని ట్రైలర్ కింద పడుకున్నావన్న చోట ఒకడు కాఫీ ముక్కులోకి పోయి చావబోయాడు.

అక్కా, నువ్వు నడిపింది పసుపుపచ్చ బడి బస్సు. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి. నేను ఆ ట్రైలర్‌ని మంచులో, ఇసకలో, వడగళ్ళలో లాగాను. ఒకసారి సుడిగాలి పక్క వీధిలోంచి పోయింది. ఏమైంది నాకు? ఉన్నాను కదా, గుండ్రాయిలా. కాస్త నేల మెత్తబడితే ప్లైవుడ్ ముక్క వేసి కొట్టుకుంటారు. అంతదానికి సిగ్గు, శరం అంటూ పెద్ద మాటలా? టైర్ల సంగతి నాకు నిజంగా తెలీదు. సంతలో ఒకడు కొత్తవే అన్నాడు, నమ్మాను. వాడు మోసం చేస్తే నన్ను తిడతావేం?

నేను దాన్ని ఎంత శ్రద్ధగా చూసుకున్నానో నీకేం తెలుసు? ఇక్కడ కందిరీగలకి గ్యాస్ వాసనంటే మహా మోజు. హీటరు పొగ గొట్టంలో మట్టి గూళ్ళు కట్టేస్తాయి. క్యాంపులో ప్రతివాడూ ఏటా చలి మొదలయ్యేసరికి పుల్ల పట్టుకుని గొట్టాలు కెలుక్కుంటూ కూర్చుంటాడు. నేను కిటికీ జాలీ కత్తిరించి గొట్టం మూతికి గట్టిగా బిగించాను. ఒక్క కందిరీగ దూరితే ఒట్టు! అందరూ వచ్చి చూసిపోయారు. ఆ తెలివి నీ బస్సు డిపోలో ఎవడికైనా ఉందా?

ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను, మళ్ళీ దాచానంటావు. మంచం కింద గ్యాస్ అలారం డబ్బా ఉంటుంది, దాని వైరు నేనే పీకేశాను. అదో ఏడుపుగొట్టు డబ్బా. ఊరికే అరుస్తుంది, ఒట్టి అబద్ధాలకోరు. కార్లిస్‌కి కూడా చెప్పాను, ఎవరైనా వైరు కలిపి అది అరిస్తే బెదిరిపోకు, ఈ డబ్బాలన్నీ ఇంతే అని.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నీ కోపం ట్రైలర్ మీద కాదక్కా. పిల్ల వెళ్ళిపోతోందని. బావ పోయినప్పటి నుంచీ కార్లిస్‌ని చంకనేసుకునే తిరుగుతున్నావు. దానికి పెళ్ళయింది, పిల్ల పుట్టింది, ఇంకా చంక దించవా? టైర్లు బాగుచేస్తే నేలంటావు, నేల బాగుచేస్తే ఇంకోటంటావు. నీకు కావలసింది ఆ బండి నీ పెరట్లోంచి కదలకపోవడం. అవునా కాదా, గుండె మీద చెయ్యేసుకుని చెప్పు.

అక్టోబరు ఆఖరుకల్లా టీగ్ ఇక్కడ ఉండకపోతే మేస్త్రీ ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. ఆ కుర్రాడి పొట్ట కొట్టకు.

రాయిస్


అయోలా, కాన్సస్
అక్టోబరు మొదట్లో

రాయిస్,

నా ఉత్తరం నలుగురికి చదివి వినిపించావా? మంచిది. ఇది కూడా వినిపించు. ఆ కాఫీ తాగేవాణ్ణి ముందు వరసలో కూచోబెట్టు.

టైర్లు మార్పించాను. బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టించాను. బ్రేకుల వైరు టీగ్ అతికాడు. నేల కోసేసి కొత్తది వేశాం. కప్పు నేనే ఎక్కి అతుకులన్నీ గీకి జిగురు పట్టించాను, మోకాళ్ళు ఇంకా నొప్పులు పెడుతున్నాయి. బండి కదలకూడదని కోరుకునేది చేసే పనులా ఇవి?

నిన్న ఉత్త ట్రైలర్‌ని ఊరి చివరదాకా లాగి చూద్దామన్నాను. టీగ్ మంచివాడే. కండ ఉంది, నవ్వు మొహం. కానీ ఎవరూ ఏమీ నేర్పలేదు, "తగిలించుకుని పోవడమే" అని నువ్వు చెప్పావట. వాడి ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే ఇనప గుండు నీ ట్రైలర్ మూతికి ఒక సైజు చిన్నది. చిక్కేమిటంటే కూచోబెడితే కూచుంటుంది, గొళ్ళెం కూడా పడుతుంది. చూసినవాడికి అంతా బాగున్నట్టే ఉంటుంది. నేను పిల్లకి పాలు పట్టి వచ్చేసరికి వాడు తగిలించేసి ఇంజను కూడా వేశాడు.

రైలు పట్టాల మీద ఎగిరింది. మూతి గుండు మీంచి లేచి ఊడిపోయింది. వెనక నా కారులో నేనూ కార్లిస్, మధ్య సీట్లో పసిది విల్లా. మా కళ్ళ ముందే ట్రైలర్ ముక్కు నేలకి వంగింది. బయల్దేరేముందు ఒక్క క్షణం ఆగమని ట్రైలర్‌ని ట్రక్కుకి కలిపే రెండు గొలుసులూ నేను కత్తెరలా అడ్డంగా వేశాను కాబట్టి ముక్కు వాటి మీద ఊయలలో పడ్డట్టు పడింది. లేకపోతే రోడ్డులోకి గుచ్చుకుని పల్టీ కొట్టేది. ఊడితే దానంతటదే బ్రేకు పట్టాల్సిన తీగ ఒకటుంటుంది చూశావా, దాన్ని టీగ్ ఆ గొలుసుకే చుట్టి పెట్టాడు. అది ట్రక్కుకి కదరా కట్టాల్సింది!

నేను కారు దిగి అరిచాను. అరవనా మరి? కార్లిస్ ఏమందో తెలుసా?

"చాలమ్మా! ఏం కాలేదుగా? మేం ఊపిరి ఎలా పీల్చాలో కూడా తనిఖీ చేసి పంపుతావా?"

"పీలుస్తున్నావు కాబట్టే అరుస్తున్నా" అన్నాను.

"మామయ్య చెప్పింది నిజమే, నీకు మేం వెళ్ళడం ఇష్టం లేదు."

ఏం నూరిపోస్తున్నావురా నా కూతురికి? ఫోనులో గంటలు గంటలు మాట్లాడతావట. నాకు మాత్రం ఎత్తవు. నిన్నటి నుంచి అది నాతో మాట్లాడటం మానేసింది. వంటింట్లో ఎదురుపడితే పిల్లతో మాట్లాడినట్టు నాకు జవాబు చెబుతోంది.

సరే, నన్ను తిట్టుకో. ఒక్కటి అడుగుతాను, దానికి సూటిగా జవాబు చెప్పు. ఆ అలారం అబద్ధాలకోరన్నావు. అది ఎప్పుడు అరిచేది? కూర వండినప్పుడా? పొయ్యి వెలిగించినప్పుడా? హీటరు నడుస్తున్నప్పుడా? ఊరికే ఏదీ అరవదు రాయిస్. నా బస్సులో పాతికేళ్ళలో ఊరికే అరిచిన గంట ఒక్కటీ లేదు.

ఆర్డిస్


బిగ్ పైనీ
అక్టోబరు

అక్కా,

పోలీసు స్టేషన్లో కూచోబెట్టి అడిగినట్టుంది నీ వరస. గుండు సైజు చూసుకోకపోవడం టీగ్ తప్పు. అదీ నా నెత్తినేనా?

ఎప్పుడు అరిచేదా? చలికాలం. హీటరు నడుస్తుంటే. నేను చిక్కుళ్ళు తిన్న రోజు ఎక్కువ అరిచేది, రాసుకో, నీ తనిఖీ పుస్తకంలో పనికొస్తుంది. పోయిన చలికాలమంతా దాని గోల. పన్నెండు గంటల పని చేసి వచ్చి పడుకుంటే కీచుమని అరుపు. తల పగిలిపోయేది. పొద్దున్న లేస్తే కూడా తలనొప్పే, దాని అరుపుకే. పీకేశాను. పీకాక హాయిగా నిద్రపట్టింది. ఇప్పుడేమంటావు?

నిద్ర పట్టకపోవడానికి నాకు ఇంకో కారణం కూడా ఉండిందిలే. జనవరిలో నా మాగీ పోయింది. రాత్రి హీటరు పక్కన వెచ్చగా పడుకుంది, పొద్దున లేవలేదు. ముసలిది కాదు. నీకు ఫోను చేసి చెబితే "కుక్కే కదరా" అన్నావు. కుక్కే. భార్య వెళ్ళిపోయాక నా ఇంట్లో నాతో ఉన్న ప్రాణి అదొక్కటే. దానికి నువ్వొక్క మాట అనలేదు, ఇప్పుడు నా డబ్బా ఎందుకరిచిందని నాలుగు పేజీలు రాస్తున్నావు.

ఇంక నాకు ఉత్తరాలు రాయకు. చదవను. పిల్లలు వచ్చాక వాళ్ళని నేను చూసుకుంటాను.

రాయిస్


అయోలా
అక్టోబరు మూడో వారం

రాయిస్,

చదవనన్నావు. చదువుతావు. ఈ ఒక్కటీ చదువు.

మాగీ గురించి నువ్వు రాసింది చదివాను. దాన్ని "కుక్కే కదా" అన్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత కొత్త అలారం ఒకటి తెచ్చాను. కరెంటు వైరుతో పనిలేదు, బ్యాటరీది. ట్రైలర్ తలుపులూ కిటికీలూ మూసి, హీటరు వేసి, డబ్బాని బల్లమీద పెట్టి, నేను బయట నిలబడి అద్దంలోంచి చూశాను. చేతిలో కాఫీ ఇంకా వేడి తగ్గలేదు, అది అరిచింది. హీటరు ఆర్పేసి, తలుపులు బార్లా తీసి, మళ్ళీ వేశాను. మళ్ళీ అరిచింది.

బయటికి వెళ్ళి పొగ గొట్టం చూశాను. నీ జాలీ. అందరూ వచ్చి చూసిపోయిన జాలీ. మసి పట్టి పట్టి, నల్లటి గుడ్డలా మూసుకుపోయింది. వేలితో పొడిచినా దిగలేదు. పొగ బయటికి వెళ్ళే దారి లేక వెనక్కి తన్నింది, ఆ వేడికి లోపల రేకు నెర్రెలిచ్చింది. ఇంకెటు పోతుంది, ఇంట్లోకే. కందిరీగ దూరకూడదని గొట్టం మూశావు. కందిరీగ దూరలేదు నిజమే.

దానికి వాసన ఉండదురా. కార్బన్ మోనాక్సైడ్. తలనొప్పి వస్తుంది, కడుపులో తిప్పుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. హాయిగా నిద్రపట్టిందని రాశావు చూడు, ఆ నిద్ర దానిదేరా. నువ్వు మంచం పక్క కిటికీ సందు తీసి పెట్టుకుని పడుకునే అలవాటున్నవాడివి, సిగరెట్లకోసం. అందుకే బతికావు. మాగీ కింద, హీటరు మూతి దగ్గర పడుకుంది. ఆ డబ్బా చలికాలమంతా నీకు నిజం చెబుతూనే ఉంది. నువ్వు దాని నోరు నొక్కేశావు.

నాకు ఎంత కోపం వచ్చిందంటే సుత్తి తీసుకుని ఆ హీటరు మొత్తం పీకి పెరట్లో పారేశాను. హీటరుకి వచ్చే గ్యాస్ గొట్టానికి మూత బిగించాను. టీగ్ అడ్డం రాబోతే వాణ్ణి కూడా అన్నాను.

కార్లిస్ వచ్చి చూసింది. చెప్పాను, మొత్తం చెప్పాను. అది నమ్మలేదు. "మామయ్య అందులో అన్నేళ్ళు బతికాడు, నువ్వు ఒక్క రోజులో అది విషం అన్నావు. మేం వెళ్ళకుండా ఉండాలని హీటరు పగలగొట్టావు, అంతేగా?" అంది. నేను "అవును, అలాగే అనుకో" అన్నాను. కోపంలో అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఇవాళ పొద్దున నేను పాలకి వెళ్ళి వచ్చేసరికి పెరడు ఖాళీగా ఉంది. వంటింట్లో పెట్టిన అలారం కూడా లేదు, తీసుకెళ్ళినట్టున్నారు. అంతవరకూ నయం. ఫోను ఎత్తడం లేదు.

వాళ్ళు వచ్చాక ఆ ట్రైలర్లో హీటరు లేదని గుర్తుంచుకో. సరైనవాణ్ణి పిలిచి సరైనది పెట్టించు. నువ్వు చెయ్యి పెట్టకు. నీకు దణ్ణం పెడతాను, నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు.

ఆర్డిస్


బిగ్ పైనీ
నవంబరు మొదటి వారం

అక్కా,

ఆస్పత్రి నుంచి నేను ఫోను చేసినప్పుడు నువ్వు ఒకే మాట అడిగావు, "ఊపిరి ఉందా?" అని. ఉందన్నాను. మిగతాది చెప్పకుండానే ఫోను పెట్టేశాను. జరిగింది మొత్తం నీకు తెలియాలి. పిల్లలు చెప్పరు. అందుకని రాస్తున్నాను.

నీ ఉత్తరం వాళ్ళకంటే ముందే వచ్చింది. విప్పలేదు. నీ చేతిరాత చూస్తేనే మండి, షెల్ఫులో పప్పు డబ్బా వెనక పడేశాను.

వాళ్ళు గురువారం వచ్చారు. "అమ్మ హీటరు పీకేసింది మామయ్యా" అని కార్లిస్ చెబితే నేను పగలబడి నవ్వాను. దారిలో ఒక కరెంటు హీటరు కొనుక్కున్నారు. ఇక్కడి కరెంటు స్తంభం దాన్ని మొయ్యలేక మాటిమాటికీ ట్రిప్ అయి కరెంటు పోయేది. అందుకని చెప్పాను, గ్యాస్ ఓవెన్ వెలిగించి దాని తలుపు తీసి పెట్టుకోండి, మేమందరం చేసేది అదే, గది వెచ్చగా ఉంటుంది అని. నా నోటితోనే చెప్పాను. కిటికీ సందులకి తువ్వాళ్ళు కుక్కుకోమని కూడా చెప్పాను, పిల్లకి గాలి తగలకుండా.

ఆదివారం మంచు తుపాను. పని లేదు, ఎవరూ బయటికి రాలేదు. మధ్యాహ్నం నాకు తోచక, ఎవరినో ఒకరిని తిట్టుకోవాలనిపించి, నీ ఉత్తరం విప్పాను. జాలీ దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆగిపోయింది. మాగీ దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను. తలనొప్పి, కడుపులో తిప్పడం, నిద్ర. పొద్దున కార్లిస్ తలుపు సందులోంచి "టీగ్‌కి వాంతులు మామయ్యా, ఏదో ఫ్లూలా ఉంది, మేం పడుకుంటాం" అని చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

బూట్లు వేసుకోలేదు. ఎలా వెళ్ళానో తెలియదు. వాళ్ళ తలుపు మంచుకి బిగుసుకుపోయింది. కాలితో తన్ని, భుజంతో గుద్ది పగలగొట్టాను. లోపల కిటికీలన్నీ చెమట కారుతున్నాయి. ఓవెన్ మంట పసుపుపచ్చగా వెలుగుతోంది, నీలంగా కాదు. టీగ్ నేలమీద ఉన్నాడు, కళ్ళు తెరిచాడు గాని నేనెవరో తెలియలేదు. కార్లిస్ మంచం మీద పిల్లని హత్తుకుని పడుకుంది. పిలిస్తే పలకలేదు. విల్లా నా చేతిలో తడిగుడ్డలా వాలిపోయింది అక్కా.

పిల్లని మంచులోకి తీసుకెళ్ళాను. పక్క ట్రైలర్ ఓనా పరిగెత్తుకొచ్చి నా చేతుల్లోంచి లాక్కుంది. మగవాళ్ళు వచ్చి మిగతా ఇద్దరినీ మోశారు. ఓనా పిల్ల వీపు రుద్దుతూ "ఏడవ్వే, ఏడవ్వే నా తల్లీ" అని తనే ఏడుస్తోంది. ఎంతసేపో. తర్వాత పిల్ల ఏడ్చింది. నేను మంచులో మోకాళ్ళ మీద కూలబడి పెద్దగా ఏడ్చాను, క్యాంపంతా చూస్తుండగా.

ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. పిల్లకి ఏ లోటూ రాలేదని డాక్టరమ్మ అంది, మళ్ళీ పరీక్షకి రమ్మంది. టీగ్ లేచి తిరుగుతున్నాడు. కార్లిస్ నాతో మాట్లాడటం లేదు.

ఇంకొకటుంది. రాయకుండా ఉందామనుకున్నాను. నువ్వు తెచ్చిన అలారం ఎక్కడుందని అడిగితే టీగ్ సొరుగు చూపించాడు. అది పొద్దున్నే అరిచిందట. చాలాసేపు అరిచిందట. కార్లిస్ లేచి, "ఈ డబ్బాలన్నీ ఇంతే, మామయ్య చెప్పాడు" అని బ్యాటరీ తీసి సొరుగులో పడేసిందట.

నన్ను ఎంత తిట్టాలో అంత తిట్టు. ఈసారి ఎవరికీ చదివి వినిపించను.

రాయిస్


అయోలా
నవంబరు

రాయిస్,

తిట్లు రాయడానికే కూచున్నాను. రెండు కాగితాలు నింపాను కూడా. అవి పొయ్యిలో పడేసి ఇది రాస్తున్నాను.

ఓవెన్ వెలిగించమన్నది నువ్వు. నువ్వు చేసింది నేను మరిచిపోను, మరిచిపోతానని ఆశపడకు. కానీ హీటరు పీకింది నేను. చెడిపోయినదాన్ని పీకాల్సిందే, అందులో తప్పు లేదు. దాని చోట మంచిది పెట్టించాల్సింది. రెండు రోజుల పని. అది చెయ్యకుండా గొట్టానికి మూత బిగించి, చేతులు దులుపుకుని, ఇప్పుడెలా వెళ్తారో చూస్తాను అనుకున్నాను. మనసులో ఆ మాటే అనుకున్నాను రాయిస్. గుండె మీద చెయ్యేసుకుని చెప్పమన్నావు కదా. మిగతా పనులన్నీ వాళ్ళు క్షేమంగా వెళ్ళాలనే చేశాను. అదొక్కటి మాత్రం వెళ్ళకూడదని చేశాను. చంటిపిల్లని మంచులోకి హీటరు లేకుండా పంపింది నీ మేనకోడలు కాదు, నువ్వు కాదు. నేనే.

ఈ ముక్క కార్లిస్‌కి కూడా ఫోనులో చెప్పాను. అది గట్టిగా అరిచింది. నీ మీద, నా మీద, ఇద్దరి మీదా కలిపి. "మీరిద్దరూ నా ట్రైలర్ తలుపు దరిదాపులకి రావడానికి వీల్లేదు. నువ్వు భయపెట్టి చంపుతావు, ఆయన నవ్వించి చంపుతాడు. మధ్యలో చచ్చేది నా పిల్ల" అంది. అనీ అనీ ఏడ్చింది. నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నన్ను ఎరిగినవాడివి, ఆ మౌనం నాకెంత కష్టమో నీకు తెలుసు.

వాళ్ళు కొన్నాళ్ళు ఓనా వాళ్ళ దగ్గర ఉన్నారట. పట్నం నుంచి పని తెలిసినవాణ్ణి పిలిపించి కొత్త హీటరు పెట్టించారట, ఓవెన్ గ్యాస్ కట్టేయించిందట. పొగ గొట్టానికి ఏమీ బిగించలేదట. కందిరీగల సంగతి చలి పోయాక చూసుకుంటానంది.

ఫోను పెట్టబోతూ "ఆగు" అంది. అలారానికి బ్యాటరీ వేసి గోడకి పెట్టుకుందట, పిల్ల మంచం పక్కన. రోజూ పొద్దున దాని మీట నొక్కి చూస్తోందట. నాకు వినిపించడానికి నొక్కింది. చెవులు చిల్లులు పడ్డాయి. వెనకాల విల్లా ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది.

"ఇంకోసారి నొక్కవే" అన్నాను.

నొక్కింది.

నీ కొత్త ట్రైలర్లో కూడా ఒక డబ్బా ఉంటుంది. దాని వైరు ఉందో పీకేశావో నేను అడగను. ఉత్తరాలు వద్దు, ఇక్కడితో చాలు. ఇవాళ నాకు ఫోను చేసి దాన్ని నొక్కు. ఎత్తుతాను.

అక్క